పొద్దుగాల ఉరుకుడు

మా ఊర్ల ఆడిమనిషి ఉరికిందంటే ఎవరికో ఏదో అయినట్టే లెక్క. గా సంగతి యాది మరిచిన. ఒళ్లు తగ్గించకుంటే షుగర్ వస్తదని దవాఖానల చెప్పిన తెల్లారే, పానగల్ తొవ్వ పట్టుకొని ఉరుకుడు మొదలువెట్టిన. మళ్లొచ్చేసరికి మా ఇంటి ముంగట మంది. ఒకామె ఏడుపు సుత షురూ చేసింది. బాపు గడపల కూసోని చాయ తాగుతున్నడు. "నేను సచ్చిన్నని వచ్చిండ్రా? కూసోండ్రి, చాయ తాగిపోండ్రి" అన్నడు. సిగ్గుతోని నాకు తల కొట్టేసినట్టయింది.

బాపుకు నా ఉరుకుడు నచ్చలే. "గొర్ల ఎంబడి రారాదే, కావల్సినంత ఉరుకుడు" అని ఎక్కిరించేటోడు. నాకసలే ముక్కు మీద కోపం. గా కోపానికే ఇంకింత ఉరికేదాన్ని. మొదట్ల నాలుగిండ్లు దాటకముందే రొప్పొచ్చి కూలవడేదాన్ని. కొన్ని నెలలైనంక ఊపిరి నా మాట ఇన్నది. కోపం సుత జర తగ్గింది. నిజం జెప్తున్న, ఇంట్ల గిన్నెలు ఇసిరికొట్టుడు బందైంది.

ఆ ఎండకాలం బాపు ఊరవతల ఒకరి చెల్కల మంద పెట్టిండు. రాత్రిళ్లు గొర్లు ఆడ పండుకుంటే భూమికి ఎరువు. పొద్దుగాల ఉరుక్కుంట పోయి ఆయనను చూసొచ్చేదాన్ని. ఫోను అడ్డమని ఇంట్లనే పెట్టేదాన్ని. ఒకనాడు పోయేసరికి బాపు కాలు పట్టుకొని కూసున్నడు. "పాము, బిడ్డా" అన్నడు. ఆయన ఫోన్ల చార్జింగు లేదు. చుట్టుముట్టు మనిషి లేడు.

"కదలకు బాపు, నీకు దండం పెడత, కదలకు" అని ఉరికిన. చెల్కల ఒక చెప్పు తెగింది, రెండోది నేనే ఇసిరేసిన. ఊర్లెకు రాంగనే అరుగు మీదోళ్లు నవ్వవట్టిండ్రు. "ఏందే, ఇయ్యాల మస్తు జోరు మీదున్నవ్!" రోజూ ఉరికేదే గదా అనుకున్నరు. ఒక్కలు లేవలే. "బాపుకు పాము కరిసింది! ఆటో తియ్యుండ్రి!" అని ఊరంత ఇనవడేటట్టు ఒర్లిన. ఒకప్పుడైతే గంత దూరం ఉరికినంక నోట్లెకెళ్లి మాటే రాకపోయేది. ఒక పెద్దమనిషి ముందుగాల మంత్రం ఏపిద్దామన్నడు. "నువ్వు ఏపిచ్చుకో, మేం నల్లగొండ పోతున్నం" అన్న.

చెల్కకు పోయి బాపును ఆటోల ఎక్కిచ్చుకొని పోతే, పెద్ద దవాఖానల సూది మీద సూది ఇచ్చిండ్రు. నేను బయట గోడకానుకొని, మల్లన్న ముంగట రంగుల ముగ్గు పరిచి పట్నం ఏస్తనని మొక్కిన. ఎండ నెత్తి మీదికొచ్చినంక డాక్టరమ్మ వచ్చి, "యాళ్లకు తెచ్చిండ్రు, గండం గడిచింది" అన్నది. అమ్మయ్య!

లోపలికి పోతే బాపు నా ముఖం చూడలే, కాళ్లు చూసిండు. పల్లేరుకాయలు గుచ్చుకొని నెత్తురు కారుతాంది. నాకప్పటిదాక తెల్వనే తెల్వదు.

"మంచం కింద నా చెప్పులున్నయి, ఏసుకో బిడ్డా" అన్నడు.

ఇంట్ల ఎవ్వల్నీ ముట్టనియ్యని కిర్రు చెప్పులవి. నా కాళ్లకు రెండింతలున్నయి. ఏసుకొని, ఆయన మంచం పట్టుకొని, బాపు ఉన్నడన్న సంబురానికి బోరున ఏడ్సిన.