చెలమలో చైనా దయ్యం

నా చిన్నప్పుడు చైనా దయ్యాలన్నీ కోస్తా తెలుగు మాట్లాడేవి. పామిడిలో మా వీధి కేబులాయనకు ఒక క్యాసెట్టు దొరికితే వారం పొడుగునా, రోజూ మధ్యాహ్నం అదే వేసేవాడు. దయ్యం నోరు మూసుకున్నాక కూడా దాని మాట వినిపిస్తూనే ఉండేది. ఇప్పుడు మా అమ్మాయి ఆ సినిమాల ముక్కల్ని ఫోనులో చూసి, "ఈ డబ్బింగుకు కూడా భయపడినారా మీరు?" అని నవ్వుతుంది. భయపడ్డాం. కుళాయి తిప్పితే నీళ్లొచ్చే ఇంట్లో కూర్చుని ఎవరైనా నవ్వగలరు.

ఒక వేసవిలో అలా వేసిన సినిమాలో తడి జుట్టు దయ్యం నీళ్లలోంచి చెయ్యి చాచి, ముంచుకోవడానికి వచ్చిన పిల్లల మణికట్టు పట్టుకునేది. "నిన్ను వదలను" అనేది. ఆ వేసవిలో ఊరంతా పెన్న ఇసుకలో చెలమలు తవ్వి నీళ్లు తెచ్చుకుంటోంది. గుంత అడుగున ఊరే నీళ్ల కోసం భుజం దాకా చెయ్యి దించి చెంబుతో ముంచాలి. సినిమా చూసిన మర్నాడు నా చెయ్యి లోపలికి దిగలేదు. ఖాళీ బిందెతో తిరిగొచ్చాను.

అమ్మకు నెలలు నిండి ఉన్నాయి. నా చేతిలోని బిందె తీసుకుని తనే ఏటికి బయల్దేరింది. అంతకు ముందు కాన్పులో బిడ్డ దక్కలేదు. అప్పుడు అమ్మ ఏటి గట్టు మీద బిందెతో జారిపడింది. అది నాకు తెలుసు. అయినా కాళ్లు కదల్లేదు. ఎటు చూసినా దయ్యమే.

పక్కింటి అక్క లంగాలు కుట్టే మిషను మీంచి లేచొచ్చి అమ్మ చేతిలోంచి బిందె లాక్కుంది. "నువ్వు కూచో వదినా. ఏమ్మే, జడుచుకుంటివా?" అంటూ నన్ను వాళ్లింట్లోకి ఈడ్చుకుపోయింది. టీవీలో మళ్లీ అదే సినిమా. అక్క శబ్దం పూర్తిగా తీసేసింది. దయ్యం నీళ్లలోంచి లేచి నోరు తెరవగానే తనే దానికి గొంతు ఇచ్చింది.

"ఏం పాపా, బిందె తెచ్చినావా? పొద్దుట్నుంచి నేనూ ఈడే లైన్లో ఉండా. నా కడవ నిండినంక నువ్వు ముంచుకో! ఆ, నా లంగా అంచు ఊడిపోయింది, ఎవురన్నా కుట్టేవాళ్లు ఉండారా?"

నవ్వొచ్చింది, ఏడుపుతో కలిసి. అక్క మాత్రం నవ్వలేదు.

"దాని మాట నేను చెప్పినా. నీది నువ్వే చెప్పల్ల."

తెర మీది దయ్యం వైపు తిరిగాను. "పక్కకు జరుగు. మా అమ్మకు నీళ్లు కావల్ల."

భయం పోయిందని రాస్తే అబద్ధం. చెలమ పక్కన కూర్చున్నాను. ఆ మాటే గొణుక్కుంటూ కళ్లు మూసుకుని చెయ్యి దించాను. బిందె నిండింది. అమ్మ గట్టు దిగలేదు. ఆ నెలలోనే తమ్ముడు పుట్టాడు.

మొన్న ఆసుపత్రిలో నా రిపోర్టు కోసం కూర్చున్నాను. అద్దం అవతల డాక్టరు నా కాగితం పట్టుకుని ఇంకో డాక్టరుతో ఏదో అంటున్నాడు. నోరు కదులుతోంది, మాట వినిపించదు. ఆ నోటికి నా భయమే డబ్బింగు చెబుతోంది.

పక్కకు జరుగు, అన్నాను నాలో నేనే. నాకింకా నీళ్లు ముంచుకునే పనుంది.