మూడెకరాలకు సరిపడే సాఫ్ట్‌వేర్

బళ్ళో లెక్కల మాస్టారిగా పిల్లలకు లాభనష్టాలు నేర్పీ నేర్పీ నా గొంతు బొంగురుపోయింది. పది రూపాయలకు కొని పన్నెండుకు అమ్మే మామిడిపండ్లను నల్లబల్ల మీద ఎన్ని బుట్టలు ఖాళీ చేశానో! మా మూడెకరాల వరిలో లాభమా నష్టమా అని ఎవరైనా అడిగితే మాత్రం, "అక్కనడిగి చెప్తా" అనేవాణ్ణి. నేను లెక్కలు చెప్పేవాణ్ణే కానీ లెక్క చూసేవాణ్ణి కాను. ఇంట్లో నన్ను లెక్కచేసేవాళ్ళు కూడా తక్కువే.

ఆ మూడెకరాలు మేముండే వాకాడు నుంచి నాలుగు కిలోమీటర్లు. నాయన పోయాక నాకూ అక్కకూ చెరిసగం వచ్చింది. అక్క ఇల్లు పొలం పక్క ఊళ్ళోనే. పన్నెండేళ్ళుగా సేద్యం ఆమెదే. కోతలయ్యాక డబ్బు మిగిలితే నా సగం, మా ఇంటికి సరిపడా బియ్యం ఆటోలో పంపిస్తుంది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అన్నం మాత్రం బాగుంది.

ఆ ఏడాది కోతలకు నెల ముందు మా పొలానికి రెండువైపులా రొయ్యల గుంటలున్న ఆసామి మా ఇంటికొచ్చాడు. మెడలో గొలుసు, చేతిలో రెండు ఫోన్లు.

"సారూ, మీ మూడెకరాలు అయిదేళ్ళకి నాకు గుత్తకిచ్చేయండి. ఏ ఏడు డబ్బులు ఆ ఏడు ముందరే ఇస్తా. యూరియా కోసం క్యూలో నిలబడే పనుండదు, వాన కోసం మొగులు చూసే పనుండదు. అక్కను మీరు ఒప్పించుకోండి. ఇద్దరూ సంతకం పెట్టాల గదా."

నేను ఏనాడూ యూరియా క్యూలో నిలబడలేదు. అయినా ఆ మాట వినగానే కాళ్ళ నొప్పులు తగ్గినట్టనిపించింది. కారు కొనుక్కోవాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. గుత్త డబ్బులో నా సగంతో కారు వాయిదాలు సరిగ్గా సరిపోతాయని టీ గ్లాసు కింద పెట్టేలోపే లెక్క తేలింది. ఇలాంటి లెక్కలు నాకు బాగా వస్తాయి.

అక్క దగ్గరికెళ్ళి చెప్పాను. ఆమె చాటలో రాళ్ళేరుతోంది.

"ఉప్పునీళ్ళు పెట్టినాక అది మళ్ళా పొలమవతాదంట్రా? తూరుపు పక్క బోరు నీళ్ళు ఇప్పటికే నోట్లో పెట్టలేకపోతన్నాం."

"ఆవేశం వద్దక్కా. లెక్క చూద్దాం. నష్టమొస్తుంటే గుత్తకిద్దాం, లాభమొస్తుంటే ఉంచుకుందాం. ఇంట్లో కంప్యూటరుంది, దానికి సొంత ఖర్చులు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌లుంటాయి. అది చెప్పినట్టు చేద్దాం."

అక్క నన్ను చాటలో మిగిలిన రాయిని చూసినట్టు చూసింది.

"చూడు నాయనా, చూడు. లెక్కల అయ్యోరివి గదా."

లోపలికెళ్ళి ప్లాస్టిక్ కవరులో చుట్టిన పొడుగు నోట్ పుస్తకం తెచ్చిచ్చింది. దుక్కి, నారు, నాట్లు, డీఏపీ, కోత మిషను, అన్నీ తేదీలతో ఉన్నాయి. ఆమె అక్షరాలు నావాటికన్నా గుండ్రంగా ఉన్నాయి.

మా ఇంటి కంప్యూటర్ ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో కొన్నది. ఆ క్లాసులయిపోయాక మా ఆవిడ దాని మీద లేసు గుడ్డ కప్పి, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలకుండీ పెట్టింది. కుండీ దించి, గుడ్డ తీసి, సాఫ్ట్‌వేర్‌ల వేటలో పడ్డాను.

మొదటిది బాగా పేరున్నది, ఎక్కడో చలిదేశంలో పుట్టినది. ముప్పై రోజులు ఉచితంగా ట్రయల్ అన్నారు. ట్రయల్ జరిగింది నా మీదే. జిమ్ముకెంత, కాఫీ షాపుకెంత, కుక్కకెంత, విహారయాత్రకెంత అని బోనులో నిలబెట్టి అడిగింది. వరికెంత అని అడగలేదు. వెతగ్గా వెతగ్గా 'అభిరుచులు' కింద 'తోటపని' అని ఒకటి దొరికింది. మా మూడెకరాలను తీసుకెళ్ళి అందులో నాటాను. అక్క పుస్తకంలోని ఖర్చంతా ఎక్కించాక తెర ఎర్రబడింది. 'తోటపని మీద మీ ఖర్చు మీలాంటి వారి కంటే చాలా ఎక్కువ. ఈ అభిరుచిని తగ్గించుకోవడం గురించి ఆలోచించండి' అంది.

ఫోన్ చేసి అక్కకు చదివి వినిపించాను, కొంచెం సంతోషంగానే.

"ఏందీ? మనం వరేసేది సరదాకంటనా?"

"అది అట్లానే అంటోందక్కా."

"దాన్నొకసారి నాట్లకి రమ్మను, సరదా తీరతాది."

రెండోది మా వైపు దుకాణాల్లో వాడేది. అది ఇంటికి పనికొస్తుందా అని అడిగితే, రైసు మిల్లుకే పనికొచ్చేది మీ ఇంటికి పనికిరాదా అన్నారు అమ్మేవాళ్ళు. ముందు సంస్థ పేరడిగింది. తర్వాత గోడౌన్ ఎక్కడుందంది. మా వడ్లు ఉండేది అక్క మంచం కింద, ఆ పక్క గదిలో. అదే రాశాను. అన్నీ సర్దుకున్నాక మార్చి ముప్పై ఒకటో తేదీకి అది సంవత్సరాన్ని టక్కున మూసేసింది. కిందటి ఏడు కోతలు సగంలో ఉండగా వచ్చింది ఆ తేదీ. ఖర్చంతా పాత ఏడాదిలో, అమ్మిన వడ్లలో ఎక్కువభాగం కొత్త ఏడాదిలో పడ్డాయి. పాత ఏడు చూస్తే మేం దివాళా, కొత్త ఏడు చూస్తే జమీందార్లం.

నేను పాత ఏడు మాత్రం ప్రింటు తీసుకెళ్ళి అక్కకు చూపించాను. ఇందులో నా నిజాయితీ గురించి ఇంతకన్నా ఏమీ చెప్పదలచుకోలేదు.

అక్క కాగితాన్ని తిప్పి వెనక పక్క చూసింది. "రెండో కాగితం యాడబెట్టినావు?"

"ఏ రెండో కాగితం?"

"అమ్మిన వడ్లది. నేను అమ్మినాను గదరా, నాకు తెలీదా? కోత నడమలో దానికి సంవత్సరం మారిపోతే నేను మిషనోడికి ఆగు నాయనా, ఏడు మారతా ఉంది అని చెప్పాలంటనా?"

జాతకం నచ్చేదాకా జ్యోతిష్కుణ్ణి మార్చే పెళ్ళికొడుకు తండ్రిలాగా నేను మూడోదానికి బయల్దేరాను. ఇది ఉచితం. దేశదేశాల్లోని ఓపికపరులు ఊరికే రాసి పెట్టినది. రూపం చూస్తే ప్రభుత్వ దరఖాస్తు ఫారానికి అక్కయ్యలా ఉంది. కానీ అందులో ఒక వింత ఉంది. మన దగ్గర లేని డబ్బును మనమే పుట్టించుకోవచ్చు. రూపాయి, డాలరు, యెన్ వరసలో కింద 'కొత్త ద్రవ్యం చేర్చు' అని ఉంది. నాకు బుర్రలో లైటు వెలిగింది. మా వైపు వడ్లను కొలిచేది, బేరమాడేది పుట్లలో. పుట్టి అంటే ఎనిమిది వందల యాభై కిలోలు. కోతలయ్యేదాకా మా మనసుల్లో తిరిగేది రూపాయి కాదు, పుట్టే. కాబట్టి 'పుట్టి' అని టైపు చేసి, డాలరు పక్కన కూర్చోబెట్టాను. దానికేమీ అభ్యంతరం లేకపోయింది. మారకం రేటు ఎంత అని మాత్రం అడిగింది.

అప్పట్నుంచి ప్రతి ఉదయం బడికెళ్ళేముందు అక్కకు ఫోన్.

"అక్కా, ఈ రోజు రేటెంత?"

"ఇరవై వేలంట. మొన్న ఇరవయ్యొకటి. ఎందుకురా, నువ్వేమన్నా కొంటావా?"

"మారకం రేటక్కా. పుట్టి పడిపోతోంది."

"నీ తలకాయ పడిపోతా ఉంది."

ఇలా విదేశీ మారకం వ్యాపారంలో రెండు వారాలు గడిచాయి. చివరికి పుట్లలోకి మారిస్తే మూడెకరాలకు కిందటి ఏడు ముప్పావు పుట్టి నష్టం. నష్టం మూడు సాఫ్ట్‌వేర్‌లూ చెప్పాయి గనక సందేహం లేదు. అక్కను ఆదివారం భోజనానికి పిలిచాను. మనసులో కారు రంగు కూడా నిర్ణయమైపోయింది, బూడిద రంగు.

భోంచేశాక అక్క కంప్యూటర్ ముందు కూర్చుంది. కొంగుతో తెర మీది దుమ్ము తుడిచింది.

"ఇదేంది, పది పుట్లు పండితే తొమ్మిదే రాసినావు?"

"అమ్మింది తొమ్మిదే కదక్కా."

"ఆ ఒక్కటీ యాడికి పోయినట్టు?"

నేను నోరు తెరిచాను. నోట్లో ఇంకా ఆ పుట్టి అన్నం రుచే ఉంది. రెండిళ్ళకూ ఏడాదంతా సరిపోయే బియ్యం డబ్బు చేతులు మారకుండా వస్తున్నాయి గనక నాకు అవి ఆదాయమని తోచలేదు. గాలి వస్తుంది, బియ్యం వస్తాయి, అంతే అనుకున్నాను. సిగ్గుపడుతూ ఒక పుట్టి చేర్చాను. ముప్పావు పుట్టి నష్టం కాస్తా పావు పుట్టి లాభమైంది.

"చూసినావా" అంది అక్క. గెలిచినట్టు అనలేదు. ఊపిరి వదిలినట్టు అంది. ఇన్నాళ్ళూ ఆమె కూడా భయపడుతూనే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

అక్కడితో ఆపేస్తే సరిపోయేది. కానీ లెక్కల మాస్టారి బుద్ధి ఊరుకోదు కదా. కారు పోతోందన్న ఉక్రోషం కూడా ఉందనుకుంటాను.

"మరి నీ కూలీ ఎక్కడ రాశావక్కా? రోజూ పొలానికి పోతావు కదా. మనిషి కష్టం ఖర్చే. అది కలిపితే మళ్ళీ నష్టమే."

"నా కూలీనా?" నవ్వింది. "నాకెవురిచ్చినారు రాసేదానికి?"

"ఎన్ని రోజులు పోయుంటావు?"

"రోజులు లెక్కబెట్టుకుంటా ఎవురన్నా పోతారంట్రా? నీళ్ళు పెట్టేదానికి, గట్టు చూసేదానికి, కలుపోళ్ళతో, కోతకి. ఒక వంద వేసుకో."

వంద రోజులు, రోజుకు నాలుగు వందలు. నొక్కాను. రెండు పుట్లు. పొలం గభాలున నష్టంలోకి జారింది. నేను గెలిచాను. గెలిచిన క్షణంలోనే ఆ దరఖాస్తు ఫారం మొహంది ఇంకో గడి తెరిచింది: ఈ ఖర్చు ఎవరు చెల్లించాలి?

పొలం సగం నాది. కూలీ సగం నాది. అంటే ఏడాదికి ఒక పుట్టి. పన్నెండేళ్ళకు పన్నెండు పుట్లు. నా పేరు పక్కన ఎర్రగా పడింది. మూడెకరాల పంటంతా కలిపినా దానికి చాలదు. పుట్టి మునగడం అంటే ఏమిటో ద్రవ్యరూపంలో చూశాను.

ఇంతవరకూ ఆ పొలంలో లాభమని మేం తిన్నది అక్కనే.

తెరను ఆమెకు కనబడకుండా కాస్త తిప్పబోయాను. చూడనే చూసింది.

"నీ బాకీ నేనడగనులే. అయిదేళ్ళ గుత్త డబ్బులు నీకే ఇచ్చినా నాకు బాధ లేదు. పొద్దున లేచి నేను యాడికి పొయ్యేది, అది చెప్పు. నీ కంప్యూటర్ కాడికా?"

ఆ ప్రశ్నకు మూడు సాఫ్ట్‌వేర్‌లలోనూ గడి లేదు. బూడిద రంగు కారు నా కళ్ళముందే బూడిదైంది.

"గుత్తకివ్వొద్దులే అక్కా" అన్నాను.

"బాకీ సంగతి?"

"అడగనన్నావు కదా!"

"అడగను. ఆదివారాలు వచ్చి పని చెయ్యి. ఒక రోజుకి ఒక రోజు బాకీ కొట్టేస్తా."

మరుసటి వారం ఆసామి ఇంకో ఫోను కొనుక్కుని, మా జవాబు కోసం పొలం దగ్గరికే వచ్చాడు. నేను ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, గట్టు మీద పార పట్టుకుని నిలబడి ఉన్నాను. పారకూ నాకూ అప్పటికింకా సరిగా పరిచయం కాలేదు. ఇవ్వదల్చుకోలేదని ఎలా చెప్పాలా అని నేను నసుగుతుంటే, అక్క అందుకుంది.

"ఏమీ అనుకోబాక నాయనా. మా తమ్ముడు కంప్యూటర్‌లో ఏసి చూసినాడు. కుదరదని చెప్పిందంట."

మనిషి కాదంటే బతిమాలతారు కానీ కంప్యూటర్ కాదంటే ఎవరూ బతిమాలరు. ఆసామి కాసేపు నా పారనూ, నన్నూ చూశాడు. తర్వాత నన్ను గట్టు చివరికి పిలిచి, గొంతు తగ్గించాడు.

"సారూ, అది లాభమో నష్టమో కరెక్టుగా చెప్పేస్తాదా?"

"చెప్పేస్తుంది."

"నా గుంటలకి కూడా ఒకసారి ఏసి చూడండి సార్. పోయిన రెండు పంటలు రోగమొచ్చి పోయినాయి. మేత కొట్టోడు ఒక లెక్క చెప్తాడు, నేనొకటి చెప్పుకుంటా. ఇంట్లో చెప్పలేదు. మీ పొలం కూడా కలిస్తే తేరుకుంటానేమో అనుకున్నా."

"ఇంట్లో వాళ్ళ కూలీ కూడా రాయాల్సొస్తుంది" అన్నాను.

అతను వేళ్ళ మీద ఇంట్లోవాళ్ళను లెక్కబెట్టడం మొదలుపెట్టాడు.

వెనక నుంచి అక్క కేకేసింది. "రేయ్, మాట్లాడిన సేపు లెక్కలోకి రాదు. ముప్పావు రోజే రాసుకో!"