ఓడలను ఆపిన చెయ్యి

మొన్న నేరేడుచర్ల నుంచి మిర్యాలగూడ పోతుంటే, ఊరు ఇంకా కనబడకముందే ఉడికిన వడ్ల వాసన ఆటోలోకి వచ్చింది. కొత్తవాళ్లకు అది పుల్లటి కంపు. పక్కన కూర్చున్న పిల్ల చున్నీతో ముక్కు మూసుకుంది. నాకు మాత్రం ఆ వాసనకు కడుపులో ఆకలి లేస్తుంది, కాళ్ల కింద వేడి గచ్చు తగులుతుంది. ఆటో నడిపేటాయన డీజిల్ ధర మీద తిట్లు మొదలుపెట్టాడు. "గాడెక్కడో సముద్రంల ఆళ్లాళ్లు కొట్టుకుంటే, గీడ మన ట్యాంకుల మంటెందుకు పెద్దమ్మా?" అన్నాడు. "సముద్రానికి గాడ ఒక సన్న సందు ఉన్నది బిడ్డా, ఓడలన్నీ దాంట్లకెల్లే రావాలె" అన్నాను. అతను అద్దంలోంచి నన్ను చూశాడు. "నీకెట్ల ఎరుక?" "మా మిల్లమ్మ చెప్పింది." అంతకన్నా ఎక్కువ ఆటోలో చెప్పడం కుదరలేదు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను. నాకు సంతకం గీయడం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా పక్కింటి కోడలు రాస్తోంది.

మిల్లమ్మ అసలు పేరు వరలక్ష్మమ్మ. పుట్టిల్లు కోదాడ, అందుకే మాట కొంచెం ఆంధ్రా వైపు ఒరిగేది. భర్త పోయాక మిర్యాలగూడలో ఆయన వదిలిన బాయిల్డ్ రైస్ మిల్లును ఆమే నడిపింది. నా మొగుడు ఆ మిల్లులోనే హమాలీ. ఆయన సూర్యాపేట దవాఖానలో పోయాక, ఇంట్లో కూర్చుంటే ఎవరు పెడతారని నేనూ అదే మిల్లు గేటు దగ్గరికి పోయి నిలబడ్డాను. మిల్లమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, "కాళ్లు గట్టివేనా?" అని అడిగింది. అంతే. కళ్లంలో పని ఇచ్చింది. ఉడికిన వడ్లను ఎండలో గచ్చు మీద పరిచి, ఆడవాళ్లం వరసగా కాళ్లు ఈడ్చుకుంటూ నడిచేవాళ్లం. నడిచిన చోటల్లా చాళ్లు పడేవి. అటు చాళ్లు ఎండాక మళ్లీ ఇటు నడిచేవాళ్లం. అరికాలు కాలుతుంటే పాటలు పాడేవాళ్లం, ఒకరినొకరు తిట్టుకునేవాళ్లం. నేను మొగుణ్ణి తలచుకుని ఏడ్చింది కూడా ఆ చాళ్లలోనే. చెమటలో కలిసిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు.

మా మిల్లులో ఒక పద్ధతి ఉండేది. కొత్త పంట వచ్చి మొదటిసారి వడ్లు నానబెట్టే రోజున, తొట్టికి పసుపు కుంకుమ పెట్టి, ఒక ముత్తైదువ మొదటి గంప పోయాలి. వడ్లు ఒకసారి తొట్టిలో పడ్డాయంటే ఇక వెనక్కి లేదు. నానినవాటిని ఉడకబెట్టాలి, ఉడికినవాటిని ఎండబెట్టాలి. మధ్యలో ఆపితే పులిసి పాడవుతాయి. అందుకే ఆ మొదటి గంప అంటే అందరికీ భయం, భక్తి. ఏటా పోసే ముసలామె ఆ ఏడు జ్వరంతో రాలేదు. మేస్త్రి లింగయ్య కళ్లంలో ఆడవాళ్ల మెడలు చూసుకుంటూ తిరుగుతున్నాడు. మిల్లమ్మ ఆఫీసు గదిలోంచి బయటకు వచ్చి, నా వైపు చూసి, "సైదమ్మా, గంప ఎత్తు" అన్నది.

లింగయ్య నెత్తి గోక్కున్నాడు. "అమ్మా, సైదమ్మ అంటే... మొగడు లేనిది గద."

"నాకున్నాడా? మిల్లు నడవట్లేదా? వడ్లు మెడలు చూసి నానుతాయా లింగయ్యా, నీళ్లు చూసి నానుతాయి కానీ."

నేను గంప ఎత్తాను. వంపుతుంటే సగం వడ్లు గట్టు మీద పడ్డాయి.

ఆ వడ్ల బియ్యం గల్ఫ్ దేశానికి పోవాల్సిన సరుకు. కాకినాడ రేవులో ఓడ ఎక్కింది. మిల్లమ్మ పొద్దున్నే ఆఫీసులో టీవీ పెట్టుకుని, రైతులు మబ్బు చూసినట్టు సముద్రం వార్తలు చూసేది. "అమ్మకు సినిమాలు పట్టయి, సీరియళ్లు పట్టయి. ఓడలు మునిగినయా తేలినయా, అదే ముచ్చట" అని లింగయ్య వెనక నుంచి ఎక్కిరించేవాడు. ఆ ఏడు అతని ఎక్కిరింపు ఆగిపోయింది. సముద్రంలో ఎక్కడో, డీజిల్ తీసే నూనె మోసే ఓడల మీద దాడులు జరిగాయి. దేశాలు ఒకదాని మీద ఒకటి కత్తులు నూరాయి. మన బియ్యం ఓడ ముందుకు పోలేక దారిలో ఏదో రేవులో నిలబడిపోయింది. తరువాతి సరుకు వద్దని కొనేవాళ్లు కబురు పంపారు. తొట్లు ఎండిపోయాయి. బాయిలర్ చల్లారింది. కళ్లంలో సగంమంది ఆడవాళ్లను రేపటినుంచి రావద్దన్నారు.

నన్ను రావద్దని ఎవరూ అనలేదు. కానీ బోరింగ్ దగ్గర నేను బిందె పెడితే మాటలు ఆగిపోయేవి. ఒకరోజు నా వెనకే, నాకు వినబడాలనే అన్నది మల్లమ్మ. ఆమె నాతోపాటు ఒకే వరసలో నడిచిన మనిషి. "ముండమోపి చెయ్యి తొట్లె పెట్టిచ్చిరి. ఇగ ఓడ ఎట్ల కదులుతది?" అన్నది. నేను నిండని బిందె ఎత్తుకుని వచ్చేశాను. నాకూ అలాగే అనిపించింది. ఈ చెయ్యి పట్టుకున్న మొగుడు పోయాడు. ఈ చెయ్యి పోసిన వడ్లు ఆగిపోయాయి. ఇన్ని ఇళ్లలో పొయ్యి ఆరడానికి నేనే కారణం అనుకున్నాను. మరునాటి నుంచి పనికి పోలేదు. నేరేడుచర్లకు పోయి, మా అన్న ఇంటి వెనక గదిలో తలుపు వేసుకుని పడుకున్నాను. మా వదిన అన్నం పెడితే, ఆ కంచం కూడా ముట్టుకోబుద్ధి కాలేదు.

మిల్లమ్మకు కారు లేక కాదు, అయినా షేర్ ఆటో ఎక్కి మా ఇంటికి వచ్చింది. చెమట పట్టిన ముఖం కొంగుతో తుడుచుకుంటూ గడపలోనే కూర్చుంది.

"ఏమే, చెప్పా పెట్టకుండా మానేశావు?"

"నా చెయ్యి మంచిది కాదమ్మా. మిల్లు ఖతమైంది నా వల్లనే."

మా వదిన చేటలో వడ్లు చెరుగుతూ వదిలేసి ఉంది. మిల్లమ్మ ఆ చేట దగ్గరకు లాక్కుని, వడ్లను రెండు పక్కలకు నెట్టింది. మధ్యలో వేలితో ఒక చాలు గీసింది. ఒకచోట ఆ చాలును సన్నం చేసింది.

"ఇది సముద్రం. ఇది హోర్ముజ్ అని ఒక సందు. లోపలి దేశాల నూనె ఇందులోంచే బయటకు రావాలి. మన బియ్యం ఇందులోంచే లోపలికి పోవాలి. ఇప్పుడు ఇక్కడ ఓడలను కొడుతున్నారు. బీమా వాళ్లు భయపడ్డారు, ఓడలవాళ్లు ఆగిపోయారు. చూశావా?"

"చూసిన."

"అంతేకాదు. వాళ్లు నూనె అమ్మితే డాలర్లు వస్తాయి. ఆ డాలర్లతోనే మన బియ్యం కొంటారు. నూనె బయటకు రాకపోతే బియ్యం కొనేందుకు ఏముంటుంది?"

నాకు డాలర్ దగ్గర ఆగిపోయింది. "మనమూ ఆళ్లూ కొనుక్కునే దానికి నడుమ ఆ డాలర్ ఎందుకమ్మా?"

ఆమె చేటలోంచి గుప్పెడు వడ్లు తీసింది. "మీ చిన్నప్పుడు కూలి గింజలు దేనితో కొలిచేవాళ్లు?"

"పటేల్ మానికతోటి."

"మీ అమ్మ పక్కింటామెకు గింజలు బదులిస్తే?"

"గప్పుడు గూడ పటేలింట్లకెల్లే మానిక తెచ్చేది. ఊరంతా ఆ మానికనే నమ్మేది. ఆయనకు కోపమొస్తే మానిక ఇయ్యకపోయేది. ఇగ ఊర్ల ఇచ్చుడు పుచ్చుకునుడు బందు."

"డాలర్ అంటే ఆ మానికే. మానిక ఎవరింట్లో ఉంటే వాళ్ల కోపానికి మనం ఆగాలి. ఇప్పుడు కొన్ని దేశాలు మా మానికలు మేమే చేసుకుంటాం అంటున్నాయి. అదీ ఒక పోరే. ఇంత పెద్ద పోరులో..." అని నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. వడ్ల నూగుకు గరుకెక్కిన అరచెయ్యి. "ఇదా ఓడలు ఆపింది? గట్టిగా అనకు. అమెరికా వాళ్లకు తెలిస్తే విమానం తెచ్చి నిన్ను ఎత్తుకుపోతారు. మాకు ఇలాంటి చెయ్యే కావాలంటారు."

నా మొగుడు పోయిన తరువాత నేను నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. ఆమె చేట పక్కన పెట్టి లేచింది. పోతూపోతూ, "సోమవారం తొట్టి నింపుతున్నాను. గంప నువ్వే పోయాలి" అన్నది.

ఆ సరుకు పై దేశానికి కాదు, ఇక్కడి బేరానికే. కొనేవాడు ఖాయంగా ఉన్నాడని కూడా కాదు. కానీ మిల్లు ఇంకా ఆగితే కళ్లం మనుషులు చెదిరిపోతారని ఆమె భయం. ఆ సోమవారం లింగయ్య తొట్టికి అడ్డంగా నిలబడ్డాడు. అతను చెడ్డవాడు కాదు, అతని ఇంట్లోనూ పొయ్యి ఆరింది. "అమ్మా, నీ కాళ్లు మొక్కుత. ఈసారి జర వేరేటోళ్లతో పోయించు. ఇది గూడ పోతే మనమంత మునుగుతం" అన్నాడు.

"మునిగితే నా మిల్లు మునుగుతుంది. ఆ తప్పు నాది, ఆ సముద్రానిది. సైదమ్మది కాదు. పక్కకు జరుగు."

ఈసారి గట్టు మీద ఒక్క గింజ పడలేదు. గంప మొత్తం తొట్టిలోనే పోశాను. వడ్లు నీళ్లలోకి దిగుతుంటే వచ్చే బుసబుస శబ్దం వింటూ నిలబడ్డాను.

ఆ తరువాత అంతా బాగుపడిందని చెబితే అబద్ధం. ఆ సరుకు అమ్ముడుపోయింది కానీ మిల్లు తేరుకోలేదు. సముద్రం మీద నిలబడిపోయిన బియ్యంలో కొంత చెమ్మ పట్టి పాడైందని తెలిసింది. మిల్లమ్మ ఒక బాయిలర్ తీసేసింది. ఆమె నగలు మెడ మీద మళ్లీ కనబడలేదు. కళ్లంలో అందరికీ రోజూ పని లేక వంతులు పెట్టుకున్నాం. మల్లమ్మ నా వరసలోకి రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చినరోజు మళ్లీ అదే మాట తెచ్చింది. "గంప పోసినవ్ గని, ఏం మిగిలింది సైదక్కా?" అన్నది. ఆరోజు నేను నడక ఆపి, కాలితోనే వడ్లలో చాలు గీసి, సన్న సందు చూపించాను. మానిక కథ చెప్పాను. ఆమె నమ్మిందో లేదో తెలియదు. చివరికి, "గంత దూరం కతనా ఇది" అన్నది, నా పక్కనే నడవడం మొదలుపెట్టింది.

మిల్లమ్మ పోయిన ఏడు కన్నుమూసింది. కొడుకులు మిల్లును ఎవరికో ఇచ్చేశారు. ఇప్పుడు అక్కడ వడ్లు యంత్రాల్లోనే ఎండుతున్నాయట, కళ్లంలో లారీలు నిలుపుతున్నారట. నేను అటు పోయి చూడలేదు.

టీవీలో ఇప్పుడు మళ్లీ అదే సందు, అవే ఓడలు. ఆమె ఉంటే ఏమనేదో నాకు తెలియదు, ఆమె పేరుతో మాటలు కల్పించి చెప్పను. నాకు తెలిసింది ఒక్కటే. ఇంట్లో గ్యాస్ ధర పెరిగినా, మనుమడికి జ్వరం వచ్చినా, ఊళ్లో పెళ్లి చెడినా, ముందు నా చేతివైపు చూసుకునే అలవాటు నాకు ఉండేది. మా కులంలో, మా ఊళ్లో మొగుడు పోయిన ప్రతి ఆడదానికీ ఉంటుంది, ఎవరూ నేర్పకుండానే వస్తుంది. అది నాలోంచి పోయింది. ఇప్పుడు ఏది ఆగిపోయినా, ఎక్కడ ఆగింది, ఎవరు ఆపారు అని అడుగుతాను. జవాబు దొరికేదాకా అడుగుతాను.