మొదటి లెక్క ఒక్కటే రైటు

మా చెల్లెలికి భాగహారం నేర్పే పని నా నెత్తిన పడిన వేసవికి నాకు పన్నెండేళ్ళు, దానికి పదేళ్ళు దాటాయి. మార్కాపురం కొత్త ప్రకాశం జిల్లాలోకి వచ్చి అప్పటికి కొన్నేళ్ళే అయింది. మా హైస్కూలు బోర్డు మీద కర్నూలు అన్న మాటకు సున్నం పూసి పైన కొత్త జిల్లా పేరు రాశారు గానీ, వాన పడినప్పుడల్లా పాత పేరు బయటికి కనిపించేది. ఆ హైస్కూల్లో ఆరో తరగతిలో చేరాలంటే జూన్‌లో ఒక పరీక్ష రాయాలి. లెక్కల్లో పది భాగహారాలు ఇచ్చేవాళ్ళు. ఆరు రైటయితే సీటు.

మా నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. అమ్మ ఇంటి దగ్గరే పలకలకు చెక్క చట్రాలు బిగించేది. చెల్లెలు ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మ పక్కన కూర్చుని, తయారైన పలకలను డజను చొప్పున కట్టలు కట్టేది. దాని చేతివేగం చూసి వీధిలో వాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. నాయన ముందే తేల్చి చెప్పాడు. పరీక్ష పాసయితే బడికి పోతుంది, లేకపోతే అమ్మ దగ్గరే కూర్చుంటుంది. దానికేమో బడి మీదే ప్రాణం. రేపు ఏ గదిలో కూర్చోబోతోందో చూపించమని నన్ను రెండుసార్లు హైస్కూలు దాకా లాక్కుపోయింది.

నేను ఆ పరీక్ష అంతకు ముందు ఏడాది పాసయినవాణ్ణి. కాబట్టి నా దృష్టిలో నేను పెద్ద పంతుల్ని. ఓపిక మాత్రం అగ్గిపుల్ల వెలిగి ఆరేంత సేపు ఉండేది. మూల విరిగిందని ఫ్యాక్టరీ వాళ్ళు వద్దన్న పలకలు మా ఇంట్లో గుట్టగా పడి ఉండేవి. వాటిలో ఒకటి తీసుకుని రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చునేవాళ్ళం.

మొదటి లెక్క ఎప్పుడూ రైటే. ఇరవై తొమ్మిదిని నాలుగుతో భాగిస్తే ఏడు, శేషం ఒకటి. చక్కగా చేసేది. తర్వాత ముప్పై ఎనిమిదిని ఐదుతో భాగించమంటే, భాగఫలం ఏడని సరిగ్గానే వేసి, శేషం నాలుగని రాసేది. ముప్పై ఎనిమిదిలోంచి ముప్పై ఐదు పోతే మూడు కదా మిగలాలి. ఆ తర్వాత నలభై ఏడును ఆరుతో ఇస్తే, భాగఫలం ఎనిమిదని రాసింది. ఆరు ఎనిమిదులు నలభై ఎనిమిది.

"ఉండేదే నలభై ఏడైతే, నలభై ఎనిమిది ఎట్ల పంచినావే?" అన్నాను.

"ఇంగా ఉన్నాయి గదన్నా," అంది.

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. స్కేలు తీసి వేళ్ళ మీద కొట్టాను. ఎక్కడున్నాయి అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. దెబ్బ తిన్నాక అది కూడా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఎక్కాలు చెప్పమంటే ఊపిరి తీసుకోకుండా చెప్పేది. ఒట్టి తీసివేతలు ఇస్తే ఒక్కటీ తప్పు పోయేది కాదు. భాగహారం దగ్గరికి వచ్చేసరికి మొదటిది రైటు, మిగతావన్నీ తప్పు. కావాలనే మొండికేస్తోందనుకుని ఇంకో రెండు దెబ్బలు వేసేవాణ్ణి. మే నెలాఖరున నాయన ఎంతదాకా వచ్చిందని అడిగితే, దానికి రాదని దాని ముందరే చెప్పేశాను.

పరీక్షలో పదింటికి ఒకటి రైటయింది. ఆ ఒక్కటీ పక్కపిల్లను చూసి రాసినట్టుందని హెడ్‌మాస్టరు నాయనతో అన్నాడట. సీటు రానందుకంటే ఆ మాటకే చెల్లెలు ఎక్కువ ఏడ్చింది. ఎవర్నీ చూడలేదని ఇంట్లో ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చెప్పుకుంది. నేను నమ్మలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున నేను ఊరికే అమ్మా చెల్లెలి పక్కన కూర్చున్నాను. ఫ్యాక్టరీ గుమాస్తా నిండు డజన్లే తీసుకుపోయేవాడు. ముందురోజు డజన్లు కట్టగా మిగిలిన ఏడు పలకలు గోడకు ఆనించి ఉన్నాయి. అమ్మ ఆ రోజు మొదటి పలక అందించగానే చెల్లెలు దాన్ని ఆ ఏడింటి మీద పెట్టి "ఎనిమిది" అంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ రోజే నా బుర్రకెక్కింది.

లెక్కల్లో కూడా మిగిలినవి తర్వాతి లెక్కలో కలుపుతున్నావా అని అడిగాను. అది నా వంక వింతగా చూసింది.

"కలపకుంటే అవి ఏమైపోతాయన్నా?"

ఏ లెక్క దానిదేనని, మిగిలింది అక్కడే వదిలేయాలని చెప్పాను. చెప్పాల్సింది అంతే. పలక మీద పది భాగహారాలు ఇచ్చాను. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు పదీ చేసేసింది. పదీ రైటు. "ఇంతేనా!" అని నవ్వింది. నాకు ఏడుపు ఆగలేదు. రెండు నెలలు దాన్ని కొట్టింది దీనికోసమా అనిపించింది.

ఆ పలక తీసుకుపోయి నాయనకు చూపించాను. "సీట్లు అయిపోయినాయి లేరా. వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు. నాయన చెడ్డవాడు కాదు. ఆ రోజు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడనుకుంటాను.

కానీ ఏడాదంటే తక్కువ కాలం కాదు. అది రోజంతా కూర్చునేసరికి ఇంట్లో కట్టలు పెరిగాయి. అమ్మ నడుముకు కాస్త విశ్రాంతి దొరికింది. నాకు కొత్త నోటుపుస్తకాలు వచ్చాయి. మళ్ళీ దానికి ఒక్క లెక్క ఇచ్చిన పాపాన పోలేదు నేను.

మళ్ళీ జూన్ వచ్చింది. పరీక్ష రోజని అమ్మకూ నాయనకూ గుర్తులేదు. నాకు తెలుసు, బడి గోడ మీద కాగితం అంటించారు. ఆ రోజు పొద్దున్నే చెల్లెలు తల దువ్వుకుని, రెండు జడలు బిగించి రిబ్బన్లు కట్టుకుని, ఉతికిన లంగా వేసుకుని వచ్చి పలకల ముందు కూర్చుంది. ఏడికి పోతున్నావని అమ్మ అడిగితే "ఏడికీ లేదు," అంది. నాయన తలకు తువ్వాలు చుట్టుకుంటున్నాడు.

అది తలెత్తి నా వైపు చూసింది. ఈ రోజు పరీక్ష, నాయనా అని ఒక్క మాట నేను అంటే చాలు. అది బడికి పోతే ఇల్లు గడవక నన్ను మాన్పిస్తారేమోనని భయం వేసింది నాకు. పుస్తకాలు తీసుకుని బయటికి వచ్చేశాను. హైస్కూలు వరండాలో పిల్లలు వరసగా కూర్చుని భాగహారాలు చేస్తున్నారు. వాళ్ళను దాటుకుని మా క్లాసులోకి వెళ్ళి కూర్చున్నాను.