ఎల్లాజీ నడక

చిలకలగూడలో ఎల్లాజీని నడకను బట్టే గుర్తుపడతారు. ముప్పై ఏళ్లు కీమాన్‌గా, సుత్తి భుజాన వేసుకుని, పట్టాను బిగించే ‘కీ’లు వదులైతే కొట్టుకుంటూ, తన బీటు పొడవునా రైలు పట్టాల వెంట నడిచిన మనిషి. రిటైరయ్యాక కూడా స్లీపరు మీంచి స్లీపరు మీదికి వేసినట్టే అడుగు వేసేవాడు. గుండె నీరసించి, పైగా గతి తప్పి కొట్టుకోవడం మొదలయ్యాక ఆ అడుగు పోయింది. ఆస్పత్రి వరండాలో ఆరు నిమిషాల నడక పరీక్ష పెడితే రెండో నిమిషంలోనే కుర్చీ అడిగాడు. డాక్టరు రెండు దారులు చెప్పాడు. రెండింటికీ తొడ దగ్గర నుంచి గుండెలోకి సన్నటి గొట్టం పంపాలి. తప్పుడు కదలిక పుట్టేచోట కాల్చి అసలు లయ తెప్పించడం ఒకటి. గుండె పై గదుల నుంచి కిందికి ఆ కదలిక వచ్చే దారినే కాల్చి మూసేసి, గుండెను పేస్‌మేకరుతో కొట్టించడం రెండోది.

"మొదటిది మళ్లీ చెయ్యాల్సి రావచ్చు," అన్నాడు డాక్టరు.

ఎల్లాజీ గోళ్లు చూసుకున్నాడు. "కీ సుత ఒక్కపాలి కొడితే సాల్దు గదా బాబూ. మొదటిదే సెయ్యండి."

అది చేసిన ఆరు నెలలకు మళ్లీ అదే వరండా, అదే ఆరు నిమిషాల పరీక్ష. నర్సు హదస్సా గడియారం చూసుకుంటూ, చక్రాల కుర్చీ తోసుకుంటూ వెనకే నడిచింది. మెడలో ఆఫీసు కార్డులతో లిఫ్టు దగ్గర నిలబడ్డ కుర్రాళ్లు పక్కకు జరిగారు. ఎల్లాజీ అడుగు ఎక్కడా కురచ కాలేదు.

"టైం అయిపోయింది తాతా, జెర ఆగు."

"బీటు మధ్యలో ఆగితే మెమో ఇచ్చీవోరమ్మా," అంటూ వరండా చివరి గోడ దాకా వెళ్లి, అరచేత్తో తాకి తిరిగి చూశాడు. హదస్సా ఆయాసపడుతూ ఆ కుర్చీలో కూర్చుంది.