సారు ఫోన్ చేసి అడిగే ఇళ్ళు

జనగామలో నాకు నెట్‌వర్క్ పని నేర్పిన సారు గత వారం దవాఖానలో కన్నుమూశారు. ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. ఆయన కెమెరాలు బిగించిన ఇళ్ళవాళ్ళు ఇది చదవాలి.

ఇంటి ఇంటర్నెట్ చిరునామా తరచూ మారుతుంది. అయినా బయటినుంచి ఫోన్‌లో ఇంటి కెమెరా కనిపించాలంటే మారని పేరొకటి కావాలి. అటువంటి పేర్లను ఉచితంగా ఇచ్చే సంస్థలున్నాయి. సారు వాడిన సంస్థది ఒకే షరతు: అప్పుడప్పుడూ ఈమెయిల్ వస్తుంది, అందులోని లింకు నొక్కి ఇంకా వాడుతున్నామని చెప్పాలి. చెప్పకపోతే పేరు తొలగిస్తారు. ఇంట్లోని రౌటర్ కొత్త చిరునామాను పంపుతూనే ఉన్నా అది చాలదు. మనిషే జవాబివ్వాలి.

ఆయన దగ్గర పని నేర్చుకున్న మాకు ఈ షరతంటే విసుగు. సారుకు కాదు. “ఉత్తగ ఇస్తున్నరు తమ్మీ. ఉన్నవా అని అడిగితె తప్పేంది?” అనేవారు. మెయిల్ రాగానే నొక్కేవారు కాదు. ముందు ఆ ఇంటికి ఫోన్ చేసి, కెమెరా ఇంకా అవసరమేనా అని కనుక్కుని, ఆ తరువాతే నొక్కేవారు. ఆ పని తనంతట తాను జరిగేలా చిన్న ప్రోగ్రాం రాసిస్తానంటే, “వాళ్లెట్లున్నరో గూడ నీ ప్రోగ్రాం అడుగుతదా?” అని నవ్వారు.

ఎవరికీ శ్రమ ఉండకూడదని పేర్లన్నీ తన ఈమెయిల్ మీదే తీసుకున్నారు. దాని పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన ఫోన్ తెరుచుకోవడం లేదు.

మొన్న మహబూబాబాద్ వెళ్ళాను. అక్కడ మేము ఆపా, అంటే అక్క, అని పిలిచే ఒకామె బట్టలు కుడుతూ, ఇంట్లో ఉన్న మూర్ఛ జబ్బు భర్తను దుకాణం నుంచే ఫోన్‌లో కనిపెట్టుకుంటూ ఉంటుంది. సారు పోయారని చెప్పగానే మిషన్ ఆపేసింది.

“సారు ఫోన్ జేస్తె కెమెరా సంగతి ఒక్క మాట. మా ఆయనకు ఫిట్స్ మళ్ల వచ్చినయా, గోలీలు ఏస్తున్నవా అని పది మాటలు. ఒకసారి దుకాణం బంద్ జేసి ఇంట్లనే ఉంటనన్న. కెమెరా ఉన్నది గద, జర ఆగుమని సారే ఆపిండు,” అంది.

కొత్త పేరును ఆమె ఈమెయిల్ మీదే తీసుకుని కెమెరాను దానికి మార్చాను.

“గీ మెయిల్ ఇగ నేనే చూసుకోవాల్నా భాయ్? మర్చిపోతె?”

“పేరు పోతది ఆపా. ఇంకెవరన్న తీసుకోవచ్చు గూడ.”

“గట్లయితె నువ్వు ఫోన్ జెయ్యి. సారు లెక్క.”

చేస్తానన్నాను.

భూపాలపల్లి, చెల్పూర్ వైపు కూడా సారు కెమెరాలు పెట్టారు. అక్కడ ఇప్పటికి బొమ్మ వస్తూనే ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. మీ కెమెరా ఆయన బిగించినదైతే, దయచేసి మీ మెయిల్ మీద కొత్త పేరు తీసుకుని కెమెరాను దానికి మార్పించుకోండి.

ఆ ఇళ్ళు ఏవేవో నాకు తెలియదు. వాటి మెయిళ్ళు ఇప్పటికే వచ్చి ఆయన జవాబు కోసం ఎదురుచూస్తున్నాయో, ఇంకా రావలసి ఉందో, అదీ తెలియదు.