చూడకుండా చెప్పిన మాట

దయ్యాలూ లేవు, గియ్యాలూ లేవని ఊరందరితో వాదించిన మనిషిని నేను. ఇప్పటికీ వాదిస్తాను. ఈ ఒక్క సంగతి దగ్గరే నోరు పెగలదు.

యాభైల చివరి మాట. పర్చూరు దగ్గర మాది కౌలు పొలం, అంతా పొగాకే. పచ్చాకును కర్రలకు కట్టి బ్యారన్ గదిలో వేలాడదీసి, బయట పొయ్యి ముట్టించేవాళ్లం. ఆ వేడి ఇనప గొట్టాల్లోంచి గదంతా తిరిగి ఆకును ఎండబెట్టేది. గొట్టం మీద నాలుగాకులు రాలి ఉన్నా చాలు, గది మొత్తం బూడిదే.

అందుకే నాన్న లోపలికి పోయి గొట్టాలన్నీ తడిమి చూసి, అక్కణ్ణుంచే "చూశాను, ముట్టించండిరా" అని కేకేసేవాడు. ఆ కేక వినందే పుల్ల గీసేవాళ్లం కాదు. చూడకుండా ఏనాడూ చెప్పలేదు. ఆయనకున్న గర్వమల్లా అదే.

ఆ ఏడు నాన్న పక్షవాతంతో మంచాన పడ్డాడు.

మొదటిసారి గది నింపిన మధ్యాహ్నం, "గొట్టాలు చూసొస్తా, ఉండండి" అంటూ మా అన్నయ్య కోటయ్య లేవబోయాడు. అంతలో బ్యారన్ లోపల్నుంచి నాన్న గొంతు. "చూశాను, ముట్టించండిరా."

అన్నయ్య, వదిన, నేను, ముగ్గురం విన్నాం. ఏళ్ల అలవాటు. అన్నయ్య పుల్ల గీసేశాడు.

కట్టెలు రాజుకున్నాక వదిన నెమ్మదిగా, "మావయ్యగారు ఇంట్లో గదా ఉన్నారు?" అంది.

అన్నయ్య తలుపు తీసి లోపలంతా వెతికాడు. ఎవరూ లేరు. మనిషి కోసం వెతికాడే గానీ, ఆ కంగారులో గొట్టాల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆకు పండాక, ఎండబెట్టేందుకు వేడి పెంచిన రోజున గది అంటుకుంది. ఏడాది కష్టం కళ్లముందే పోయింది.

నాన్నకు చెప్పకూడదనుకుని ఇంటికొచ్చాం. ఆయన అప్పటికే ఏడుస్తున్నాడు. మేం నోరు విప్పకముందే, "నేను చూళ్లేదురా కోటయ్యా. చూడకుండా చెప్పా" అన్నాడు.

ఆయన మంచం దిగలేదని అమ్మ ఒట్టేసింది.

"ఆకు బంగారంలా పండింది నాన్నా" అని అన్నయ్య అబద్ధమాడాడు. నాన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ వారంలోనే పోయాడు.

కదల్లేని మనిషి గొంతు పొలంలో ఎలా పలికిందో నాకు తెలియదు. తన పని తను చేసుకుందామని వచ్చాడేమో, చూసే ఓపిక లేకపోయిందేమో. బతుకంతా మాట తప్పని మనిషి, తప్పాననుకుంటూనే పోయాడు. నాకు ఏడుపొచ్చేది దానికే.